తూకం గది – 9: ఆకుపచ్చ టార్పాలిన్

నానమ్మ మంచం చుట్టూ ఉన్న గిన్నెల్ని ఒక్కొక్కటే ఎత్తి పొడిగుడ్డతో తుడుస్తున్నాను. మొత్తం ఆరు. తలవైపు పెద్ద బిందె, కాళ్ళవైపు సొట్టపోయిన సత్తుగిన్నె, కిటికీ కింద రెండు డబ్బాలు, గుమ్మం పక్కన పిండి కలిపే పళ్ళెం, మంచం పక్కన మూత పోయిన టీ కెటిల్. వానలు మొదలైతే ఇవి వంటింటివి కావు, ఈ గదివి. రేకుల కప్పు ఎక్కడ కారుతోందో నానమ్మ తలెత్తి చూడక్కర్లేదు. చుక్క పడే చప్పుడుని బట్టి ఏది నిండిందో పడుకునే చెప్పేస్తుంది.

"సత్తుగిన్నె నోరు మూసుకుని ఎన్నాళ్ళయిందే?" అంది.

"చాలా రోజులైంది నానమ్మా. లోపల సాలీడు కాపురం పెట్టింది."

"పెట్టనీ. మనకంటే నయం, దాని ఇల్లు కారదు."

"ఇంకెందుకు ఇవన్నీ? వంటింట్లోకి తీసుకెళ్ళిపోనా?"

"తీసుకుపో. పెద్దాడు ఏం మంత్రం వేశాడో గానీ, చుక్క పడలేదు. పదమూడు రాత్రులు. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటున్నా. మొదటి రాత్రి ఎంత ఒళ్ళెరగకుండా పడుకున్నానో తెలుసా? తెల్లారి మీ అమ్మ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది, ఉన్నానో పోయానో అని."

నేను నవ్వాను. నవ్వుతూనే నా చేతిలో గుడ్డ ఆగిపోయింది. మా ఇంట్లో ఇప్పుడు అందరూ రోజులు లెక్కపెడుతున్నారు. కానీ మిగతా అందరి లెక్కా పన్నెండు.

పన్నెండు రోజుల కిందట, వాన తెరిపిచ్చిన ఒక మధ్యాహ్నం, ఊరి చివర చిన్న విమానాశ్రయం నుంచి బయల్దేరిన పది సీట్ల విమానం రన్‌వే చివరిదాకా పరిగెత్తి, తాటిచెట్టంత ఎత్తు కూడా లేవకుండా అవతల ఏటిలో పడింది. పైలట్‌తో కలిపి ఎనిమిది మంది. ఒక్కరూ మిగల్లేదు. కొండల అవతలి ఆస్పత్రికి వెళ్తున్న దుప్పట్ల మూటలు కూడా ఏటి పాలయ్యాయి. ఇంజన్లు సరిగ్గానే ఉన్నాయనీ, మోయగలిగినదానికంటే ఎక్కువ బరువు ఎక్కడమే కారణమనీ విచారణకు వచ్చిన అధికారి తేల్చారు. మరి కాగితం మీద బరువు సరిగ్గానే ఉంది. ఆ కాగితం రాసింది మా నాన్న. కాగితంలో ఉన్నదాన్ని విమానంలోకి ఎక్కించింది మా బాబాయి. కాగితం అబద్ధం చెప్పదు కాబట్టి, ఎక్కించినవాడే లెక్కలో లేనిది ఇంకేదో లోపల పెట్టి ఉంటాడని అందరూ అనుకున్నారు. బాబాయిని పనికి రావద్దన్నారు. ఇవాళ పదకొండు గంటలకి ఆ అధికారి ముందు రాతపూర్వకంగా తన మాట చెప్పుకోవాలి. అది రాసిపెట్టమని నన్నే అడిగాడు.

"అమ్మడూ! కలెక్టర్‌గారి కలం ఇంకా నిద్ర లేవలేదా?" ముందుగదిలోంచి బాబాయి కేక.

గిన్నెలు ఒక మూలకి జరిపేసి వెళ్ళాను.

బాబాయి బల్ల ముందు బుద్ధిగా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నలభై రెండేళ్ళ మనిషి. బస్తాలు మోసి మోసి కుడిభుజం కొంచెం కిందికి దిగిపోయి ఉంటుంది. చిన్నప్పుడు ఆ పల్లపు భుజం మీదే నన్ను కూర్చోబెట్టుకుని విమానాలు చూపించేవాడు. నోరు మాత్రం క్షణం ఊరుకోదు. ఇల్లు కదలాలంటే మూడుసార్లు వెళ్ళొస్తానంటాడు. వంటింటి గుమ్మంలో వదినకి ఒకసారి, మంచం పక్కన తల్లికి ఒకసారి, చివరికి గేటు దగ్గర నిలబడి ఎవరూ లేకపోయినా ఇంటికి ఒకసారి. "ఇల్లు అలుగుతుంది" అంటాడు.

"ఎంతవరకు రాశావు?"

"'అయ్యా' వరకు."

"భేష్. సగం అయిపోయినట్టే. ఇక రాసుకో. మూటలు ఇరవై నాలుగు. ఒక్కోటి పన్నెండు కిలోలు. పొద్దున పదింటికి అన్నయ్య తూచి, ముడికి చీటీ కట్టాడు. నేను ట్రాలీ మీద పేర్చాను. విమానం ఒంటిగంటకి బయల్దేరాలి. వాన వల్ల మూడింటికి బయల్దేరింది."

రాశాను.

"వాన మొదలైంది పదకొండున్నరకి. టార్పాలిన్ కప్పుదామని పరిగెత్తాను. సామాన్ల కొట్టులో మేకుకి వేలాడుతుంటుంది ఎప్పుడూ. ఆ రోజు లేదు."

"లేదా? ఎక్కడికి పోయింది?"

"నాకేం తెలుసు? కాళ్ళొచ్చి వెళ్ళిపోయింది. ట్రాలీని చూరు కిందికి నెట్టాను గానీ సగమే పట్టింది. అన్నయ్యకి చెప్తే, వాన ఎంతసేపు ఉంటుందిరా, ఆగిపోతుందిలే అన్నాడు."

కలం కాగితం మీద ఆగింది. "దాదాపు మూడు గంటలు వానలోనే ఉన్నాయా మూటలు?"

"పైన గోనె తడిసిందంతే అనుకున్నా. ఎక్కించేటప్పుడు..." బాబాయి గొంతు తగ్గించాడు. "ఎక్కించేటప్పుడు మాత్రం, అమ్మడూ, ఒక్కొక్క మూటా నా ప్రాణం తీసింది. అన్నయ్యా, ఇవి బరువుగా ఉన్నాయి, ఇంకోసారి కాటా మీద పెడదామా అన్నాను."

"నాన్న ఏమన్నారు?"

"అది రాయకు."

"ఏమన్నారు బాబాయ్?"

"నేను తూచాను కదరా, బరువు పెరిగింది మూటలకి కాదు, నీ వయసుకి అన్నాడు. అందరం నవ్వాం. విమానం నడిపే కెప్టెన్‌గారు కూడా నవ్వారు." బాబాయి అరచేత్తో బల్ల మీద లేని దుమ్ము తుడిచాడు. "అది రాయకు. మా అన్నయ్య మాట మీద మచ్చ పడుతుంది. నాదేముంది, నా మాటకి ఎప్పుడు విలువ ఉంది గనక!"

మా నాన్నని ఊళ్ళో అందరూ అరకిలో గారంటారు. ఇరవై ఎనిమిదేళ్ళుగా తూకం గదిలో పని. అరకిలో ఎక్కువైనా పెట్టె తెరిపించి చెప్పులు తీయించే మనిషి. మనుషుల్నీ తూస్తారు అక్కడ. చిన్న విమానం కదా, ఎవరు ఎంతో తెలియాలి. నాన్న కాటా ముల్లుని ప్రయాణికులకి కనిపించకుండా లోపలివైపు తిప్పి పెట్టుకుంటాడు. ఎవరి బరువు ఎంతో నాన్నకీ కాగితానికీ తప్ప మూడో మనిషికి తెలియదు. ఆడవాళ్ళు మా ఇంటికొచ్చి అమ్మని బతిమాలేవారు, మీ ఆయన నా గురించి ఏమైనా చెప్పారా అని. ఏనాడూ చెప్పలేదు. కెప్టెన్‌గారు మాత్రం ప్రతిసారీ తనంతట తనే కాటా ఎక్కి, "అరకిలో గారూ, మా ఇంటావిడ వంట ఎంత దూరం వచ్చిందో చూడండి" అనేవారట. ఆయన పోయిన రోజు రాత్రి నాన్న అన్నం తినలేదు. ఆ తర్వాత తింటున్నాడు గానీ, పళ్ళెంలో ఏముందో చూడడం లేదు.

నాన్నకి ఒక పట్టుదల ఉంది. ఒకసారి తూచి చీటీ కట్టిన వస్తువుని మళ్ళీ కాటా ఎక్కనివ్వడు. రెండోసారి తూచామంటే మొదటిసారి సరిగ్గా తూచలేదని ఒప్పుకున్నట్టే అంటాడు. మేమంతా అది గొప్ప అనుకున్నాం. అందులో నేనూ ఉన్నాను.

"బాబాయ్, ఆ టార్పాలిన్ ఏ రంగు?"

"ఆకుపచ్చ. మూలన తెల్లరంగుతో మూడో నంబరు. ఆ మూడు నేనే వేశాను, గుర్రప్పిల్ల పడుకున్నట్టుందని కెప్టెన్‌గారు ఏడిపించేవారు. ఎందుకు?"

"ఊరికే. రాయాలిగా."

నీళ్ళు తాగొస్తానని లేచాను. వంటింట్లోంచి పెరట్లోకి వెళ్ళి, గోడకి ఆనించిన నిచ్చెనని నానమ్మ గదివైపు జరిపాను. పదమూడు రాత్రులు. విమానం పడడానికి సరిగ్గా ముందురోజు సాయంత్రం నుంచి. ఆ సాయంత్రం నాన్న సైకిల్ మీద ఏదో పెద్ద చుట్ట పెట్టుకుని రావడం నేను చూశాను. రేకుల మీద కప్పడానికి పట్టా తెచ్చానన్నాడు. ఎక్కడిదని మేమెవరం అడగలేదు. తెచ్చింది నాన్న అయితే మా ఇంట్లో ఎవరూ అడగరు.

ఐదు మెట్లు ఎక్కగానే కనిపించింది. నాలుగు మూలలా ఇటుకలు పెట్టి, మంచం దుప్పటిలా ముడత లేకుండా పరిచాడు. ఆకుపచ్చ. నాకు దగ్గరి మూలన, ఒక పక్కకి ఒరిగి పడుకున్న తెల్లటి మూడు.

నిచ్చెన దిగానో, జారానో నాకు గుర్తులేదు. వెనక్కి తిరిగేసరికి నాన్న నిలబడి ఉన్నాడు. చేతిలో గడ్డం గీసుకునే బ్రష్షు, ఒక చెంప మీద నురగ. పెరటి గోడకి అద్దం తగిలించుకుని ఇంతసేపూ అక్కడే ఉన్నాడన్నమాట.

"చూశావా?" అన్నాడు.

తలూపాను.

నాన్న గోడవారన ఉన్న తిరగేసిన బకెట్ మీద కూర్చున్నాడు. నురగ ఉన్న చెంప తుడుచుకోలేదు. నేను ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాను. కోపం రావాలి కదా అనుకున్నాను. నురగలో సగం మునిగిన ఆ ముఖం చూస్తే ముందు తువ్వాలు తెచ్చి తుడవాలనిపించింది.

"ఒక్క రాత్రికే తెచ్చానమ్మా. మబ్బు బాగా పట్టింది ఆ సాయంత్రం. మీ నానమ్మ ముందు రాత్రంతా కూర్చునే ఉంది. పక్క తడిసిపోయింది. పొద్దున డ్యూటీకి వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళిపోదామనుకున్నా. నిచ్చెన కూడా వేశా."

"మరి?"

"కిటికీలోంచి చూశాను. నోరు తెరుచుకుని నిద్రపోతోంది. చిన్నపిల్లలా. రేకు మీద కాలు పెడితే ఆ చప్పుడికి లేచిపోతుంది. ఆకాశం చూస్తే తేటగా ఉంది. ఇవాళ్టికి ఉండనీలే అనుకున్నా." కాసేపు బ్రష్షు వైపు చూశాడు. "అంతే. అంతకంటే ఏం లేదు."

లోపల బాబాయి నానమ్మతో ఏదో అంటున్నాడు, నానమ్మ తిడుతోంది. ఆ తిట్టులో ఎంత ముద్దుందో ఇక్కడికి కూడా తెలుస్తోంది.

"నీకెప్పుడు తెలిసింది నాన్నా?"

"విమానం సగం రన్‌వే దాటినప్పుడు. ముక్కు లేవలేదు. అప్పుడు గుర్తొచ్చింది, దుప్పట్లు నీళ్ళు తాగుతాయని. ఇరవై ఎనిమిదేళ్ళు తూచినవాడికి అప్పుడు గుర్తొచ్చింది. గదిలోంచి బయటికి పరిగెత్తి చేతులూపాను. పైకి లేవబోయే విమానానికి చేతులూపితే ఏమవుతుంది? టాటా చెబుతున్నాననుకుని ఉంటారు."

నేను ఆయన మోకాలు పట్టుకున్నాను.

"ఏటిలో అన్నీ తడిసిపోయాయి. లోపలి దుప్పట్లు ముందే తడిశాయని ఎవరికీ తెలియదు. నాకొక్కడికే తెలుసు."

"బాబాయికి శిక్ష పడుతుంది నాన్నా."

"తెలుసు."

"తెలిసీ పన్నెండు రోజులు ఎలా ఊరుకున్నావు?"

అడిగాక గానీ తెలియలేదు, నాన్నతో ఇంత గట్టిగా మాట్లాడడం ఇదే మొదటిసారి అని. వంటింటి కిటికీలో అమ్మ ముఖం కనిపించింది. గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. ఎంతసేపటి నుంచి వింటోందో.

నాన్న నానమ్మ గది కిటికీ వైపు చూసి గొంతు ఇంకా తగ్గించాడు. "చెప్పాలంటే టార్పాలిన్ ఎందుకు తెచ్చానో చెప్పాలి. అది ఊరంతా తిరిగి ఈ మంచం దగ్గరికి వస్తుంది. తను ఒక రాత్రి పొడిపక్క మీద పడుకున్నందుకు ఎనిమిది మంది పోయారని ఆ ముసలిదానికి ఎవరు చెబుతారు? చెప్పాక ఆవిడ ఇంకెన్ని రాత్రులు నిద్రపోతుంది?"

జవాబు అమ్మ దగ్గరుంది. గరిటె పెట్టేసి పెరట్లోకొచ్చి, కొంగుతో నాన్న చెంప మీది నురగ తుడిచింది.

"ఆ ఎనిమిది ఇళ్ళల్లోనూ నిద్రపోవట్లేదు. నా మరిదీ నిద్రపోవట్లేదు. గోడవైపు తిరిగి పడుకుని నాకు తెలియదనుకుంటున్నాడు. అత్తయ్యకి ఎలా చెప్పాలో నేను చూసుకుంటా. మీరు లేవండి. ఒక చెంపే గీసుకుని వెళ్తారా ఏంటి?"

నాన్న నవ్వబోయాడు. ముఖం ఒప్పుకోలేదు.

"పదకొండింటికి వాడు వెళ్ళేలోపే నేను వెళ్తాను. ఆ టార్పాలిన్ కూడా తీసుకెళ్ళాలి. చూపిస్తేనే నమ్ముతారు, లేకపోతే తమ్ముడి కోసం కట్టుకథ చెబుతున్నానంటారు." లేచాడు. "దింపుతారా ఇద్దరూ? మెల్లగా. చప్పుడు చేయకండి. నేను యూనిఫాం వేసుకొస్తా."

అమ్మ నిచ్చెన పట్టుకుంది, నేను ఎక్కాను. ఒక్కో ఇటుకా గుడ్డలో చుట్టి దింపాను. ఎంత జాగ్రత్త పడ్డా చివర్లో ఒక రేకు మూలిగింది.

"పైన ఎవరే?" లోపల్నుంచి నానమ్మ.

"పిల్లి నానమ్మా!"

"నీ గొంతుతో మాట్లాడుతోందేమే పిల్లి?"

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో నాకు పైనుంచి తెలియలేదు.

టార్పాలిన్ కిందికి జారవిడిచాం. నాలుగు మడతలు వేస్తుంటే ఇంకో రెండు చేతులు వచ్చి అవతలి అంచు పట్టుకున్నాయి. తలెత్తాను. బాబాయి.

నానమ్మ గది కిటికీ అతని వెనకే తెరిచి ఉంది. ఇంతసేపూ లోపల నానమ్మ దగ్గరే ఉన్నాడు కదా. నాన్న ఎంత గొంతు తగ్గించినా, ఆ కిటికీకీ మా బకెట్‌కీ మధ్య దూరం ఎంతని! నానమ్మ చెవికి చుక్క చప్పుడు అందుతుంది గానీ గొంతు తగ్గించిన మాటలు అందవు. బాబాయి చెవులు మంచివి.

"మరిదీ..." అంది అమ్మ.

బాబాయి టార్పాలిన్‌ని చక్కగా, అంచుకి అంచు కలిపి, తను రోజూ మడిచినట్టే మడిచాడు. తెల్లటి మూడు పైకి వచ్చేలా పెట్టి దాని మీద ఒకసారి బొటనవేలు రాశాడు. తర్వాత దాన్ని అక్కడే వదిలి లోపలికి వెళ్ళాడు. నేను వెనకే వెళ్ళాను.

నానమ్మ గదిలో, నేను మూలకి జరిపిన గిన్నెల్ని ఒక్కొక్కటే తీసి మళ్ళీ వాటి చోట్లలో పెడుతున్నాడు. తలవైపు బిందె. కాళ్ళవైపు సత్తుగిన్నె. కిటికీ కింద డబ్బాలు. చూడకుండానే పెడుతున్నాడు. ఒక్క వేలు కూడా అటూ ఇటూ కాలేదు. కెటిల్ పెట్టడానికి వంగినప్పుడు నానమ్మ అతని జుట్టు పట్టుకుని లాగింది.

"ఏరా చిన్నాడా, మళ్ళీ ఎందుకురా ఇవి? కారట్లేదంటే వినవేంరా!"

బాబాయి ఆ చేతిని జుట్టులోంచి విడిపించుకుని, కాసేపు తన రెండు చేతుల మధ్య ఉంచుకున్నాడు. దుప్పటి ఆమె పాదాల మీదికి లాగి లేచాడు.

నేను ముందుగదిలోకి పరిగెత్తాను. బల్ల మీద నేను రాసిన కాగితం గ్లాసు కింద అలాగే ఉంది. సంతకం లేదు. అది తీసుకుంటాడేమోనని ఎదురుచూశాను. బాబాయి కాగితం వైపు చూడలేదు. పెరట్లోకి వెళ్ళి టార్పాలిన్‌ని ఎత్తి, పల్లంగా ఉన్న ఆ కుడిభుజం మీద వేసుకున్నాడు.

తలుపు వేసున్న గదిలో నాన్న బీరువా తెరిచిన చప్పుడు వినిపిస్తోంది. యూనిఫాం బొత్తాలు పెట్టుకుంటూ ఉండి ఉంటాడు. ఆయన ప్రతి బొత్తామూ రెండుసార్లు చూసుకుంటాడు.

అన్నని పట్టివ్వడానికి వెళ్తున్నాడా? నేనే తీసుకెళ్ళాను, మా అమ్మ కోసం నేనే తీసుకెళ్ళానని చెప్పడానికి వెళ్తున్నాడా? ముఖంలో ఏమైనా కనబడుతుందేమోనని చూశాను. చిన్నప్పటి నుంచి నేను చదవగలిగిన ముఖం అది. ఇవాళ అది నాకు అటువైపు తిరిగి ఉంది, నాన్న కాటా ముల్లులా.

"బాబాయ్," అన్నాను. "నాన్నని పిలవనా?"

వంటింటి గుమ్మం దగ్గర అమ్మ నిలబడి ఉంది, ఆ మొదటి వెళ్ళొస్తా కోసం. ఆమె పక్కనుంచి వెళ్ళిపోయాడు. నానమ్మ గది తలుపు దాటిపోయాడు. రేకుల మీద ఒక చినుకు పడింది, తర్వాత ఇంకోటి. లోపల సత్తుగిన్నె టంగుమంది.

"అదిగో, నోరు తెరిచింది!" అంది నానమ్మ. "పెద్దాడా! చిన్నాడా! ఎవరున్నార్రా అక్కడ?"

గేటు దగ్గర బాబాయి ఎప్పుడూ ఆగే చోట ఆగలేదు. గడియ తీసి, భుజం మీద టార్పాలిన్ సర్దుకుని, వానలోకి వెళ్ళిపోయాడు.